యాడి మాట

ఈ పూట మీతో ఒక చరిత్ర సంగతి పంచుకొనగోరుచున్నాను. ఇది రాజుల కోటల్లో జరిగిన చరిత్ర కాదు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో మీకు రోజూ ఎదురుపడే మనుషుల చరిత్ర. మీలో కొందరికి ఇది మీ సొంత ఇంటి చరిత్ర కూడా.

సిరిసిల్ల బస్టాండులో ఒక సాయంత్రం కాసేపు నిలబడండి. వీర్నపల్లి వైపు పోయే బస్సు కొరకు ఎదురుచూచే గుంపులో ఒక తల్లి ఉంటుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచి, కండక్టరుకు చూపించడానికి ఆధార్ కార్డు. ఆమె కండక్టరుతో మంచి తెలుగులో మాట్లాడుతుంది. పక్కనున్న అత్తగారి వైపు తిరిగేసరికి మాట మారిపోతుంది. ఆ మాటలో అమ్మ అంటే యాడి. ఇల్లు అంటే ఘర్. నీళ్లు అంటే పాణి. మనలో చాలామందికి ఆ మాటలు అర్థం కావు. ఇక చంకలోని బిడ్డతో ఆమె ఏ భాషలో మాట్లాడుతుందో చెవి పెట్టి వినండి. యాడి మాటలోనా, తెలుగులోనా, బడిలో నేర్చుకొన్న రెండు ఇంగ్లీషు ముక్కల్లోనా? ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క క్షణాన్ని గూర్చియే.

వీర్నపల్లి 2016 వరకు ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక గ్రామం. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే ఒక మండల కేంద్రం. ఆ చుట్టుపక్కల గుట్టల నడుమ, అడవి అంచున, మద్దిమల్ల తండా, లాల్‌సింగ్ తండా, భూక్యారెడ్డి తండా వంటి చిన్న చిన్న ఊళ్లున్నాయి. రుద్రంగి, కోనరావుపేట మండలాల్లోనూ తండాలున్నాయి. అక్కడ ఇంట్లో మాట్లాడుకొనేది తెలుగు కాదు. మనం లంబాడీ భాష అంటాము. వారు గోర్ బోలి అంటారు.

మొదట పేర్ల సంగతి చూడండి. తెలంగాణలో మనం లంబాడీలు అని పిలుస్తాము. రాయలసీమలో సుగాలీలు అంటారు. మహారాష్ట్రలో బంజారాలు. కర్ణాటకలో లమాణీలు. వారు తమను తాము పిలుచుకొనే పేరు మాత్రం గోర్. తమవాడు కానివాడు కోర్. గమనించారా? మనం వారికి నాలుగు పేర్లు పెట్టాము, వారు మనకందరికీ కలిపి ఒకే పేరు పెట్టారు. మీరూ నేనూ ఎంత చదువుకొన్నా, ఎంత మంచివారమైనా, ఆ తండా గడపలో కోర్లమే.

వారి ఇంటిపేర్లు మీకు తెలిసినవే. భూక్యా, బానోతు, అజ్మీరా, గుగులోతు, మాలోతు, ధరావత్. వీటి వెనుక రాథోడ్, పవార్, చౌహాన్ వంటి పెద్ద వంశాలున్నాయి. ఆ పేర్లే వారు వచ్చిన దారిని చూపిస్తాయి. రాజస్థాన్ వైపునుండి వచ్చామని వారి పెద్దలు చెబుతారు. భాషను పరిశీలించిన పండితులు కూడా గోర్ బోలి రాజస్థానీ భాషలకు దగ్గరిదని తేల్చారు. తెలుగు ద్రావిడ భాష, గోర్ బోలి ఆర్య భాష. అంటే మన పొలం గట్టుకు ఆవలి పక్కన మాట్లాడే భాషకు మన తెలుగుతో చుట్టరికమే లేదు. గ్రియర్సన్ అనే పండితుడు భారతదేశ భాషలను సర్వే చేయించి అచ్చువేసిన గ్రంథాల్లో, 1907లో వెలువడిన సంపుటంలో, ఈ భాషను బంజారీ లేక లభానీ అని నమోదు చేశాడు. 1970లో రోనాల్డ్ ట్రెయిల్ అనే భాషావేత్త లమాణీ వ్యాకరణం ప్రకటించాడు. లంబాడీ మాటలో కొత్త నిబంధన కూడా అచ్చయింది. ఇన్ని జరిగినా ఆ భాషకు తరతరాలుగా వస్తున్న లిపి అంటూ లేదు. మన దగ్గర తెలుగు అక్షరాలతో, మహారాష్ట్రలో దేవనాగరితో, కర్ణాటకలో కన్నడ అక్షరాలతో రాసుకొంటారు.

మరి రాజస్థాన్ మాట సిరిసిల్ల అడవి అంచుకు ఎట్లా వచ్చింది? ఎద్దుల వీపు మీద వచ్చింది.

రైళ్లు, లారీలు లేని కాలాన్ని ఊహించుకొనండి. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు మన ఊళ్లకు చేరాలి. మన ఊళ్ల ధాన్యం కరువు ప్రాంతాలకు పోవాలి. వాన పడితే బండ్లు పోలేని దారులు. ఆ బరువును ఎద్దుల వీపుల మీద గోనెలు వేసి మోసినవారు బంజారాలు. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్లేయ వర్తకుడు ఆగ్రా నుండి పాట్నాకు పోవుచు, దారిలో ఒక తండాను చూశాడు. అందులో 14,000 ఎద్దులున్నాయని, అన్నింటి మీదా ధాన్యమే ఉందని తన ప్రయాణ వృత్తాంతంలో రాసుకొన్నాడు. పద్నాలుగు వేల ఎద్దులు! ఆ గుంపులో ఆడవారు, పిల్లలు, కుక్కలు, వంట సామాను అన్నీ ఉండేవి. అప్పట్లో తండా అంటే ఊరు కాదు. నడిచే జనం.

అదే కాలంలో మొగలు చక్రవర్తి షాజహాన్ సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు, వాటికి తిండిగింజలు మోసుకొంటూ భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులు లక్షకు పైగా ఎద్దులతో వచ్చారని వారి పెద్దలు చెప్పుకొంటారు. ఆ లెక్కను పట్టుకొని వాదించనక్కరలేదు. సైన్యం ఎటు పోతే ధాన్యం అటు పోవాలి, ధాన్యంతోపాటు తండా పోవాలి, తండాతోపాటు మాట పోవాలి. ఇది మాత్రం నిజం. తరువాత 1791–92లోను, 1799లోను టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన ఇంగ్లీషు సైన్యాలకు కూడా వీరి ఎద్దులే తిండి చేరవేశాయి. అటు రాజు తిన్నా ఇటు రాజు తిన్నా మోసింది బంజారాయే. గనుక ఏ సైన్యమైనా వారి గుంపులను ముట్టకుండా విడిచిపెట్టడం ఆనవాయితీ.

ఇటువంటి నడక బ్రతుకులో మాట ఎట్లా నిలుస్తుంది? మామూలుగా ఊరు మారినవాడి మాట రెండు తరాల్లో మారిపోతుంది. వీరు మాత్రం మూడు నాలుగు వందల ఏండ్లు మరాఠీ, కన్నడ, తెలుగు నేలల మీద నడిచినా మాట మరువలేదు. ఒంటరిగా నడవకపోవడమే దానికి కారణం. తండాకు ఒక నాయక్ ఉండేవాడు, ఆయనకు చేదోడుగా కార్‌భారి. తగాదా వస్తే పెద్దలు కూర్చొని తమ మాటలోనే తీర్పు చెప్పుకొనేవారు. పెండ్లి సంబంధాలు తమలో తమకే. శ్రావణ మాసంలో పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు పాడుకొనే తీజ్ పాటలన్నీ గోర్ బోలిలోనే. బజారు మాట వేరు, ఇంటి మాట వేరు. బజారులో ఏ భాష అవసరమైతే ఆ భాష నేర్చుకొన్నారు. గుడారంలోకి వచ్చాక మాత్రం యాడి మాటే.

తరువాత రైలు వచ్చింది. 1874లో వాడి నుండి సికింద్రాబాదు దాకా, 1889 నాటికి బెజవాడ దాకా నిజాము రాజ్యంలో పట్టాలు పడ్డాయి. ఎద్దులు నెలలు నడిచి మోసిన బరువును గూడ్సుబండి దినాల్లో చేరవేసింది. ఉప్పు వ్యాపారం తెల్లదొరల గుప్పిట్లోకి పోయింది. తరతరాల పని ఒక్క తరంలో చేజారింది. అంతటితో అయిపోలేదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం అని ఒకటి తెచ్చింది. స్థిరంగా ఒకచోట లేని జనాన్ని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టే చట్టం అది. కొన్ని ప్రాంతాల లంబాడీలను కూడా ఆ జాబితాలో చేర్చారు. దేశానికి ధాన్యం మోసినవాడు పోలీసు పుస్తకంలో అనుమానితుడైపోయాడు. ఆ చట్టం రద్దయ్యింది 1952లో. చట్టం పోయినా ఆ చూపు అంత త్వరగా పోలేదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

బరువు లేని ఎద్దులను అమ్ముకొని, కొన్ని ఆవులను మిగుల్చుకొని, తండాలు దొరికిన చోట దిగిపోయాయి. మంచి నేల అప్పటికే ఊరివారి చేతుల్లో ఉంది. గనుక వీరికి దక్కింది గుట్టల పక్కన, అడవి అంచున ఉన్న రాతి నేల. సిరిసిల్ల, జగిత్యాల జిల్లాల పటం తీసుకొని తండాలున్న చోట్ల వేలు పెట్టి చూడండి. చాలావరకు చెరువు కింది మాగాణిలో కాదు, చెలక చివర, అడవి మొదట్లో ఉంటాయి. అక్కడ చెట్లు కొట్టి, రాళ్లు ఏరి, జొన్న వేసుకొని రైతులయ్యారు. దొరల కింద వెట్టి చేశారు, ఎదురు తిరిగారు కూడా. తెలంగాణ సాయుధ పోరాటంలో జనగామ ప్రాంతపు ధర్మాపురం తండాకు చెందిన జాటోతు ఠానునాయక్ విసునూరు దొరకు ఎదురు నిలిచి 1950లో ప్రాణం విడిచాడు.

ప్రియ పాఠకులారా, ఇంతవరకు బ్రతుకుతెరువు పోయింది, పేరు పోయింది, నడిచే దారి పోయింది. మాట మాత్రం పోలేదు. తండా చెల్లాచెదరు కాకుండా, దిగినప్పుడు కూడా గుంపుగానే దిగింది. ఈ సంగతి ఎంత పెద్దదో తెలుసుకొనడానికి మిమ్మును కాసేపు చాలా దూరం, సముద్రాల అవతల ఉన్న ఐర్లండు దేశానికి తీసుకొని పోతాను.

ఐర్లండులో పూర్వం అత్యధికులు మాట్లాడినది ఇంగ్లీషు కాదు, ఐరిష్ భాష. 1831లో అక్కడ ప్రభుత్వం దేశమంతా బడులు పెట్టింది. చదువు ఇంగ్లీషులో. 1845లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి మహా కరువు వచ్చింది. పది లక్షలమంది చనిపోయారు, మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. చనిపోయినవారిలోను, వెళ్లిపోయినవారిలోను ఎక్కువమంది ఐరిష్ మాట్లాడే బీదవారే. 1851 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చినవారు దాదాపు 15 లక్షలు. నలభై ఏండ్ల తరువాత, 1891లో, ఏడు లక్షలకు లోపే.

కరువు ఒక్కటే దీనికి కారణం కాదు. పిల్లవాడి మెడలో ఒక పుల్లను దారంతో కట్టేవారు. ఆ పిల్లవాడు ఐరిష్ మాట పలికిన ప్రతిసారి ఆ పుల్ల మీద ఒక గాటు పెట్టేవారు. సాయంకాలం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు కొట్టేవారు. ఇందులో మన మనస్సును కలచివేసే సంగతి ఒకటున్నది. గాటు పెట్టినది బడిపంతులు ఒక్కడే కాదు. ఇంటి దగ్గర తల్లిదండ్రులు కూడా పెట్టారు. వారు బిడ్డలను ప్రేమించలేదని కాదు. ప్రేమించారు గనుకనే పెట్టారు. ఈ మాట ఉంటే నా బిడ్డకు పని దొరకదు, ఓడ ఎక్కి పోయిన చోట బ్రతకలేడు అని వారి భయం.

ఆ దేశం 1922లో స్వతంత్ర రాజ్యమయ్యాక, మిగిలిన ఆ భాషను ఎట్లా కాపాడుకొనాలా అని ఆలోచించింది. పడమటి ఒడ్డున కొనెమారా అనే చోట రాళ్ల నేలలో ఐరిష్ మాట్లాడే బీద రైతులున్నారు. 1935లో ప్రభుత్వం అక్కడి నుండి 27 కుటుంబాలను తీసుకొని వచ్చి, తూర్పున డబ్లిన్ నగరానికి దగ్గరలో మీథ్ జిల్లా సారవంతమైన నేలలో, రాఖార్న్ అనే చోట దింపింది. ఒక్కొక్క కుటుంబానికి ఇల్లు, ఇరవై ఎకరాలకు పైగా పొలం ఇచ్చింది. చుట్టూ ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లు, నడుమ ఒక చిన్న ఐరిష్ ఊరు. మన మాటలో చెప్పాలంటే అదొక ఐరిష్ తండా.

రెండేండ్ల తరువాత, 1937లో, అదే మీథ్ జిల్లాలో బైలె గిబ్ అనే చోట మరొక ఊరు కట్టారు. ఈసారి 52 కుటుంబాలు, అంటే మొదటి ఊరికి దాదాపు రెండింతలు. ఏ ఊరిలో భాష బాగా నిలిచిందనుకొంటారు? పెద్ద ఊరిలో అనుకొంటాము. కాదు. రాఖార్న్ వారందరు ఒకే ప్రాంతం నుండి వచ్చినవారు. ఒకే యాస, ఒకరికొకరు బంధువులు, పొరుగువారు. బైలె గిబ్‌కు వేరు వేరు ప్రాంతాల వారిని ఏరి తెచ్చారు. ఒకరి యాస మరొకరికి సరిగా అందలేదు. అందరికీ కొద్దో గొప్పో వచ్చిన ఇంగ్లీషే నడిమి మాట అయిపోయింది. రాఖార్న్‌లో మాత్రం ఐరిష్ ఇంటి మాటగా నిలిచింది. ఆ రెండు ఊళ్లకు ఐరిష్ భాషా ప్రాంతాలుగా ప్రభుత్వ గుర్తింపు 1967లో దొరికింది. 1973లో రాఖార్న్ వారు తమ సొంత సహకార సంఘం పెట్టుకొన్నారు.

చదువుకొన్న ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టి 1935లోను 1937లోను నేర్చుకొన్న పాఠం మన తండాలకు ఎప్పుడో తెలుసు. కలిసి నడిచినవారి మాట, కలిసి దిగినవారి మాట నిలుస్తుంది.

ఇక ఆ మెడలో పుల్ల సంగతికి మళ్లీ వద్దాం. తండా నుండి ఊరి బడికి మొదటిసారి వెళ్లిన ఆరేండ్ల పిల్లను తలచుకొనండి. పంతులుగారు తెలుగులో అడుగుతున్నారు. ఆమెకు అర్థం కాదు. దాహమైనప్పుడు పాణి అంటుంది. పక్క పిల్లలు నవ్వుతారు. మెడలో ఎవరూ పుల్ల కట్టలేదు. అయినా గాటు పడింది. యేసును పట్టుకొన్న రాత్రి ప్రధాన యాజకుని ముంగిట పేతురును ఎట్లా గుర్తుపట్టారో మీకు తెలుసు. అతని గలిలయ యాసే అతన్ని పట్టిచ్చింది. భయపడి కాదన్నాడు. నవ్వుల నడుమ నిలబడిన ఆ చిన్నపిల్ల కూడా తన మాట తనది కాదని అనడం ఆ రోజే నేర్చుకొంటుంది. పెద్దదై తల్లి అయినప్పుడు తన బిడ్డకు ఆ నవ్వులు వద్దనుకొంటుంది. బస్టాండులో మీరు వినే ఆ ఒక్క క్షణం అక్కడ మొదలైంది.

ఈ బాధను ప్రభుత్వం గుర్తించని మాట కాదు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. గోండి, కోలామి, కోయ, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియాలతోపాటు బంజారా భాష కూడా అందులో ఉన్నది. మొదట 240 బడుల్లో, తెలుగు అక్షరాలతో అచ్చువేసిన వాచకాలతో. బిడ్డ ఇంటి మాటతో బడిలో అడుగుపెట్టి, మెల్లగా తెలుగుకు, ఆపైన ఇంగ్లీషుకు దాటాలని దాని ఉద్దేశం. కొందరు పెద్దలు అప్పుడు ఏమన్నారంటే, ఇంట్లో వచ్చే మాటను బడిలో ఎందుకు, మాకు ఇంగ్లీషు చెప్పండి అన్నారు. వారిని తప్పుపట్టకండి. ఐర్లండు తల్లిదండ్రుల భయమే వారిది కూడా.

మేలు జరగలేదని కూడా నేను అనడం లేదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. బిడ్డలు హాస్టళ్లలో చదువుకొన్నారు. పంతుళ్లు, డాక్టర్లు, పోలీసు అధికారులు, శాసనసభ్యులు అయ్యారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదువందల జనాభా దాటిన తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. రాష్ట్రమంతటా పదకొండు వందలకు పైగా తండాలు, గూడేలు అట్లా పంచాయతీలుగా మారి, 2019 జనవరిలో తమ సర్పంచులను తాము ఎన్నుకొన్నాయి. ఒకప్పుడు ఊరి చివర ఉన్న తండా ఈనాడు తానే ఊరైంది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే అదే కాలంలో తండా లోలోపల పలుచబడుతున్నది. యువకులు హైదరాబాదుకు, దుబాయికి, మస్కటుకు పోతున్నారు. పిల్లలు ఆరో ఏటనుండే హాస్టళ్లలో. నాయక్ కూర్చొని చెప్పే తీర్పు పోయి పోలీసుఠాణా వచ్చింది. తండా గుంపుగా ఉన్నంతకాలం మాట తనంతట తానే బిడ్డకు అందేది, ఎవరూ తీర్మానం చేయనక్కరలేకపోయేది. ఇప్పుడు ఒక్కొక్క తల్లి ఒంటరిగా తీర్మానించుకొనవలసి వస్తున్నది. రైలు, చట్టం, దొర కలిసి తీయలేని మాటను, ప్రేమగల ఒక తల్లి నిశ్శబ్దంగా విడిచిపెట్టగలదు. ఒక్క తరం విడిచిపెడితే చాలు.

కోరుట్ల, సిరిసిల్ల వారికి ఈ సంగతి నేను చెప్పి తెలియవలసినది కాదు. మన పద్మశాలి కుటుంబాలు మగ్గం పని కొరకు షోలాపూరుకు, భీవండికి, ముంబైకి వలస పోలేదా? అక్కడ సాంచాల మోత నడుమ, మరాఠీ బజారులో, ఇంట్లో తెలుగు నిలబెట్టుకొన్నారు. ముంబై నగరపాలిక తెలుగు బడులు కూడా నడిపింది. పరాయిచోట మన బిడ్డ తెలుగు పలికితే మన గుండె ఉప్పొంగుతుంది. పెండ్లికి వచ్చిన మనుమడు అమ్మమ్మతో తెలుగులో మాట్లాడలేకపోతే మన కన్ను చెమరుస్తుంది. మనం అక్కడ ఎట్టివారమో తండావారు ఇక్కడ అట్టివారు. వారి పాణి మీద మనం నవ్వితే, భీవండిలో మన నీళ్ల మీద ఎవరో నవ్వినట్లే.

ఇక ఒక లెక్క చెప్పి ముగిస్తాను. 2011 జనాభా లెక్కల్లో లమాణీ లేక లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవారు దేశమంతటా 32 లక్షలకు పైగా. బంజారీ అని చెప్పినవారు 15 లక్షలకు పైగా. రెండూ ఒకే మాటకు ఉన్న పేర్లు. కలిపితే 47 లక్షలు దాటుతుంది. అయినా ఈ లెక్కను ప్రత్యేక భాషగా చూపక, హిందీ అనే పెద్ద పేరు కింద కలిపివేశారు. మన రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూల్లో 22 భాషలున్నాయి. అందులో గోర్ బోలి లేదు.

ఐర్లండులో 2022 లెక్కల ప్రకారం బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవారు 71,968 మంది. అంతే. కాని ఐరిష్ ఆ దేశపు మొదటి అధికార భాష. 1972 నుండి దానికి సొంత రేడియో ఉన్నది. 2007 నుండి యూరోపియన్ యూనియన్‌లో అధికార భాష. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక భాషకు గౌరవమంతా ఉన్నది, మాట్లాడే ఇండ్లు తగ్గిపోయాయి. మరొక భాషకు లక్షల ఇండ్లున్నాయి, గౌరవం లేదు. మొదటిదానికి చట్టాలు చేసి ఇండ్లను తిరిగి తేవడం ఎంత కష్టమో నూరేండ్లుగా చూస్తున్నాము. రెండవదానికి ఇంకా సమయమున్నది. ఇండ్లు ఇంకా ఉన్నాయి. ఇవ్వవలసినది గౌరవం.

ఆ గౌరవం కొంత ఇప్పటికే వస్తున్నది. కోరుట్లకు పొరుగునున్న నిజామాబాదు జిల్లాలో, జక్రాన్‌పల్లి దగ్గర ఒక తండాలో పుట్టిన యువకుడు రమేశ్ కార్తీక్ నాయక్ తన తండా బ్రతుకును కథలుగా రాశాడు. ఆ పుస్తకానికి ఢావ్లో అని గోర్ బోలి పేరే పెట్టాడు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగులో ఆ పుస్తకానికి వచ్చింది. ఏ మాట పలికితే బడిలో నవ్వారో, ఆ మాటే పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో నిలిచింది.

తండా నుండి వచ్చిన ప్రియ సహోదరీ, ప్రియ సహోదరుడా, మీ బిడ్డకు తెలుగు రావాలి, ఇంగ్లీషూ రావాలి. అందులో సందేహం లేదు. అయితే అవి బడిలోను, బజారులోను దొరుకుతాయి. యాడి మాట దొరికేది మీ ఒడిలో ఒక్కచోటే. మీ తాతలు మరాఠీ, కన్నడ, తెలుగు అన్నీ నేర్చుకొని కూడా దానిని విడువలేదు. ఒకటి నేర్చుకొనడానికి మరొకటి విడువనక్కరలేదని వారి బ్రతుకే సాక్ష్యం. జనాభా లెక్కలవారు మీ గడపకు వచ్చి మాతృభాష ఏమిటని అడిగినప్పుడు, సిగ్గుపడక, తొందరపడి తెలుగు అనక, మీ మాట పేరు స్పష్టంగా చెప్పండి. రాసుకొన్నారో లేదో చూడండి.

తండా పక్కన ఉన్న ప్రియులారా, మీతోను నాతోను కూడా ఒక మాట. ఆ తల్లి తన బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలో మనం నిర్ణయించలేము. కాని ఆమె చుట్టూ నిలబడి వినేది మనమే. మనం నవ్వుతామో, ముఖం చిట్లిస్తామో, ఆమెకు ముందే తెలుసు. ఆదివారం కూడికలో మీ పక్కన కూర్చున్న ముసలమ్మ గోర్ బోలిలో ఏదైనా పలికితే, దాని అర్థమేమిటని అడగండి. ఒక్క మాట నేర్చుకొనండి. మీ బిడ్డలకు కూడా నేర్పండి.

మళ్లీ సిరిసిల్ల బస్టాండుకు పోయినప్పుడు, వీర్నపల్లి బస్సు దగ్గర కాసేపు ఆగి వినండి. ఆ తల్లి బిడ్డ వైపు తిరిగి యాడి మాటలో ఏదైనా చెప్పి, బిడ్డ అదే మాటలో జవాబిస్తే, నాలుగు వందల ఏండ్లు నడిచి వచ్చిన ఒక దారి ఆనాడు తెగిపోలేదని తెలుసుకొనండి.